తొక్కడానికి ఒక పేరు

రోజు 3402. పాత సొరంగం మూతకు ఇంకా 38 రోజులు

స్టోర్సులో పనిచేసేవాళ్ళు ఏ రోజు పని ఆ రోజు ఈ పుస్తకంలో రాసి సంతకం పెట్టాలని రూలు. దీన్ని ఎవరూ తెరిచి చదవకూడదని రూలేమీ లేదు గానీ, పదేళ్ళుగా జరుగుతున్నది అదే. కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తాను.

పొద్దున్నే బూట్లు తుడిచాను. అరికాలి అయస్కాంతాలకు పట్టిన ఇనుప రజను గుడ్డతో తీసి సీసాలో వేశాను. మా రాయి మీద ప్రతి ఇంట్లోనూ పళ్ళు తోముకున్నాక చేసే పని ఇదే. రాయి అంటే నిజంగా రాయే. నాలుగు మైళ్ళ పొడవున్న బండ ఒకటి సూర్యుడి చుట్టూ తిరుగుతోంది, దాని కడుపులో రెండువందల పన్నెండు మందిమి కాపురాలు చేస్తున్నాం. ఇక్కడ మనిషి బరువు గుప్పెడు చింతగింజలంత. గట్టిగా తుమ్మితే పైకప్పుకు తగులుతాం. అందుకని కాళ్ళకు అయస్కాంతం బూట్లు, కింద ఇనుప నేల, అడుగు వేసినప్పుడల్లా టక్కుమని చప్పుడు.

కొత్త సొరంగానికి ఈ రోజు ప్రారంభోత్సవం. మా నీళ్ళన్నీ మా ఇళ్ళకు అవతలనున్న మంచుగని నుంచి రావాలి. అక్కడికి వెళ్ళే పాత సొరంగానికి కీళ్ళ దగ్గర రబ్బరు పగిలి గాలి కారిపోతోంది. 3440వ రోజున దాన్ని మూసేస్తారు. అందుకే ఈ కొత్తది, తొంభై మీటర్లు. నేల అద్దంలా ఉంది. సంఘం ప్రెసిడెంటుగారు కాగితపు పూలదండ వేసుకుని, రిబ్బను కత్తిరించి, కుడికాలు లోపల పెట్టారు. టక్కుమనలేదు. ఎడమకాలు కూడా పెట్టారు. దండతో సహా నెమ్మదిగా పైకి లేచి, పైకప్పుకు వీపు ఆనించి, అక్కడి నుంచే ప్రసంగం మొదలుపెట్టారు. జనం చప్పట్లు కొట్టారు. కొత్త పద్ధతేమో అనుకున్నారట.

మా స్టోర్సు పెద్ద పరంధామయ్యగారు, యాభై ఎనిమిదేళ్ళ మనిషి, నోట్లో ఎప్పుడూ శొంఠిముక్క ఉంటుంది. ఆయన వంగి చూసి, బూట్లకు నూనె అంటి ఉంటుందమ్మా అన్నారు. వచ్చినవాళ్ళందరి బూట్లకూ ఒకే రోజు అంటిందా అని అడిగాను. శొంఠి ఇటు బుగ్గ నుంచి అటు బుగ్గకు మార్చారు. ఆయన దగ్గర ప్రతి ప్రశ్నకూ అదే జవాబు.

రోజు 3403. ఇంకా 37

కొత్త నేల పలక ఒకటి విప్పి బల్ల మీద పెట్టి అయస్కాంతం ఆనించాను. పట్టలేదు. ఇది స్టెయిన్‌లెస్ స్టీలు. సొరంగంలో ఎప్పుడూ తడి ఉంటుంది కాబట్టి తుప్పు పట్టనిది వేద్దామని సంఘంవాళ్ళు ముచ్చటపడి తెప్పించారు. మంచి స్టీలంటే మా వాళ్ళకు ఉన్న మోజు ఇంతా అంతా కాదు. భూమి నుంచి బయల్దేరేటప్పుడు బట్టలు తగ్గించుకుని స్టీలు గిన్నెలు తెచ్చుకున్న జాతి.

పరంధామయ్యగారితో మధ్యాహ్నం దాకా వాదన. స్టీలు స్టీలే కదమ్మా అంటారు. ఇందులో నూటికి డెబ్బై పాళ్ళు ఇనుమే కదా, మిగతా దాన్లో నికెల్ కూడా అయస్కాంతానికి అంటుకునేదే కదా, మరి రెండూ కలిస్తే ఎందుకు అంటుకోదు అంటారు. ప్రశ్న మంచిదే, అదే నాకు ఒళ్ళుమంట. ఓపిక తెచ్చుకుని మొదటి నుంచి చెప్పాను. మన వాడకంలో అయస్కాంతానికి గట్టిగా అంటుకునే లోహాలు ఇనుము, నికెల్, కోబాల్టు, ఈ మూడే. రాగి, ఇత్తడి, అల్యూమినియం, బంగారం అంటుకోవు. ఇనుములో ప్రతి పరమాణువూ ఒక బుల్లి అయస్కాంతం. పక్కపక్కనున్నవి గుంపులు కట్టి ఒకే వైపు మొహం పెడతాయి. మామూలప్పుడు ఒక్కో గుంపు ఒక్కో దిక్కు చూస్తుంది కాబట్టి వాటి బలం బయటికి తెలీదు. అయస్కాంతం దగ్గరికొస్తే గుంపులన్నీ దానివైపు తిరుగుతాయి, అప్పుడు అంటుకుంటుంది. రాగిలో ఆ బుల్లి అయస్కాంతాలు జంటలు కట్టి ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి, తిరగడానికి ఏమీ మిగలదు.

మరి స్టెయిన్‌లెస్ అన్నారు. ఇనుములో నికెలూ క్రోమియమూ తగుపాళ్ళలో కలిపితే పరమాణువులు కూర్చునే వరస మారిపోతుందండీ, ఆ వరసలో పక్కవాడి మొహం ఎటుంటే అటు పెట్టడం కుదరదు, అన్నాను. ఈ ఇంట్లో అందరూ మంచివాళ్ళే, ఆ ఇంట్లో అందరూ మంచివాళ్ళే, రెండిళ్ళవాళ్ళూ కలిసి ఒకే వంటగది పెట్టుకుంటే ఎవరి మొహం వాళ్ళదే కదా, అలాగ.

“మా ఇంటి సంగతి నీకెవరు చెప్పారమ్మాయ్?” అన్నారాయన.

ఈ పలకలను పరీక్షించి పాస్ చేసిన తనిఖీ చీటీ కావాలని అడిగాను. తెచ్చిన ఓడ వచ్చి రెండేళ్ళు దాటింది. అప్పటికి నేను ఉద్యోగంలో లేను, పెద్దరాయి అనే ఇంకో బండ మీది కాలేజీలో లోహశాస్త్రం పరీక్షలు రాస్తున్నాను. ఎవడో మహానుభావుడు అయస్కాంతం కూడా ఆనించకుండా సంతకం గీకి ఉంటాడు. పాత చీటీలు సరిగ్గా సర్ది లేవమ్మా, వెతుకుతాను అన్నారు. ఆయన వెతకడం నాకు తెలుసు.

రోజు 3408. ఇంకా 32

ఈ ఐదు రోజుల్లో విన్న ఉపాయాలు. పాత సొరంగం ఇనుప పలకలు పీకి ఇక్కడ వేద్దాం: అవి దాని ఎముకలు, పీకితే సొరంగం కూలుతుంది. ఇనుము అడుగుదాం: తర్వాతి ఓడ పద్నాలుగు నెలలకు. ఇక్కడే తవ్వుదాం: మాది ఉత్త రాతిబండ, ఇనుము దొరికే రకం కాదు. మోటారుతో లాగిద్దాం: ఉన్నది ఒక్క మోటారు, అది గాలి పంపుకి.

చివరికి ఇంటింటి నుంచీ ఇనుప రజను సీసాలు పోగుచేసి, జిగురులో కలిపి నేలకు పూశారు. ఒద్దన్నాను. రజను బూటుకు అంటుకుంటుంది సరే, జిగురు పలకకు అంటుకోవాలి కదా. ఎవరు వింటారు. పదడుగులు నడిచేసరికి రజనంతా జిగురుతో సహా బూట్లకే వచ్చేసింది. ఇప్పుడు ఊరందరి బూట్లకూ గెడ్డాలు మొలిచాయి. గీకడం మా స్టోర్సు పని.

చీటీ ఏదని అడిగాను. శొంఠి.

రోజు 3411. ఇంకా 29

గోడల పొడవునా తాళ్ళు కట్టారు. తాడు పట్టుకుని మనిషి హాయిగా పోవచ్చు. నీళ్ళబండి అలా పోదు. నాలుగువందల లీటర్ల పీపాకు బరువు లేదు గానీ ఊపు ఎక్కడికీ పోదు, ఒకసారి కదిలిందంటే ఆపడానికి నాలుగు జతల కాళ్ళు నేలను పట్టుకోవాలి. చక్రానికి బ్రేకు పెడదామంటే, బరువు లేని చక్రం నేలను నొక్కదు, ఉత్తినే జారుతుంది.

ఈ మాట నిన్న సంఘంలో చెప్పాను. అమ్మాయి అన్నిటికీ కాదంటుంది అన్నారు.

ఈ రోజు తాళ్ళతో బండి నడిపి చూశారు. నడిపింది మా రాజ్యం పిన్ని. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. ఈ రాయి మీద దిగినప్పటి నుంచీ నీళ్ళబండి తోస్తోంది, తోపుడువాళ్ళు ఆరుగురికీ ఆవిడే పెద్ద. ఒక చేత్తో తాడు, ఒక చేత్తో బండి పట్టుకుని బయల్దేరారు. సగం దాకా బాగానే ఉంది. చివర్లో ఆపబోతే తాడు చేతిలోంచి జారింది. మిగతావాళ్ళు వదిలేశారు, పిన్ని వదల్లేదు. పీపాకీ తలుపు చట్రానికీ మధ్య ఇరుక్కుంది. ఎడమ భుజం ఎముక, రెండు పక్కటెముకలు విరిగాయి.

ఆసుపత్రిలో కట్టు కడుతుంటే మొదట అడిగింది పీపా పగిలిందా అని.

రోజు 3413. ఇంకా 27

సంఘం తీర్మానం: 3440 నుంచి కొత్త సొరంగంలో తాళ్ళతోనే నీళ్ళు తేవాలి, వేరే దారి లేదు. రోజుకు పద్దెనిమిది బళ్ళు. ఒక్క బండికే ఎముకలు విరిగిన సంగతి తీర్మానంలో లేదు.

పిన్ని కట్టుతోనే సమావేశానికి వచ్చి, ఆ రోజుకి తనూ పనిలోకి వస్తానని చెప్పింది. ఇంటికొచ్చాక గొడవ పెట్టుకున్నాను. ఒంటిచేత్తో ఏం తోస్తావు, ఈసారి మెడే విరుగుతుంది అన్నాను.

“నేను రాకపోతే నా చోట్లోకి ఎవర్ని పంపమంటావే? ఆ ఐదుగురికీ ఆపడం వస్తే మొన్న వదిలేసేవాళ్ళా?”

లేచి పళ్ళెం కడిగాను.

రోజు 3419. ఇంకా 21

పిన్నికి చెయ్యి లేదు కాబట్టి వంటిల్లు నాది. మా గిన్నెల స్టాండుకు వెనక అయస్కాంతం పట్టీ ఉంటుంది, ఇనుప గిన్నెలు దానికి అతుక్కుని ఉంటాయి. పిన్నికి వాళ్ళమ్మ ఇచ్చిన స్టీలు గ్లాసు ఒకటుంది, భూమిది. అది పట్టీకి ఆనదు కాబట్టి వలసంచిలో వేలాడుతుంది. కాఫీ తాగి, దాన్ని సంచిలో వెయ్యమని పిన్ని మూడోసారి చెప్పింది. స్టెయిన్‌లెస్ అన్న మాట వింటేనే కడుపు మండిపోతోంది నాకు. విసుగులో గ్లాసును పట్టీకేసి కొట్టాను.

వేలాడింది.

తీసి మళ్ళీ పెట్టాను, జారిపోయింది. తిప్పి పెట్టాను, వేలాడింది. ఒక్క వైపే పడుతోంది. ఆ వైపు ఏముందా అని చూస్తే పేరుంది. ‘సత్తెమ్మ’. మన ఇళ్ళల్లో స్టీలు సామాన్ల మీద చుక్కచుక్కగా పేరు కొట్టిస్తారే, అది. చుక్కలున్నంత మేరా అయస్కాంతానికి బలహీనంగా పట్టు ఉంది. పక్కన నున్నగా ఉన్న చోట లేదు. అంచు మడిచిన దగ్గర కొంచెం ఉంది.

గ్లాసు పట్టుకుని పిచ్చిదానిలా కూర్చున్నాను. రెండో సంవత్సరం పాఠం. ఈ రకం స్టీలును కొడితే, వంచితే, నొక్కితే ఆ దెబ్బకు పరమాణువులు వరస తప్పి, పాత ఇనుము వరసకు దగ్గరగా వచ్చేస్తాయి. అప్పుడు మళ్ళీ ఒకరి మొహం చూసి ఒకరు తిరుగుతారు. పరీక్షలో పది మార్కుల ప్రశ్న. తొమ్మిదిన్నర వచ్చాయి నాకు. పదిహేడు రోజులుగా గుర్తు రాలేదు.

పిన్ని, ఏమైందే అంది. మీ అమ్మ పేరు అయస్కాంతానికి అంటుకుంటోంది అన్నాను. ఆవిడ బతికున్నప్పుడూ అంతే, దేన్నీ వదిలేది కాదు అంది.

రోజు 3420. ఇంకా 20

మా రాయి మీద గిన్నెలకు పేర్లు కొట్టేది వీరాస్వామి తాత ఒక్కడే. డెబ్బై దాటాయి, సుత్తీ ములుకూ ఉంటే చాలు. ఈ పలక మీద చుక్కలు కొట్టమంటే ఒక అరచేతి మేర కొట్టి ఇచ్చాడు. బూటు ఆనించాను. పట్టింది గానీ, పిల్లి గోకినంత. మనిషిని నిలబెట్టదు.

పాఠంలో రెండో సగం గుర్తొచ్చింది. ఎంత చల్లగా ఉన్నప్పుడు కొడితే అంత ఎక్కువ వరస మారుతుంది. పలకను తీసుకెళ్ళి, హీటర్లు ఇంకా వెలిగించని సొరంగం అవతలి కొసలో గంటసేపు పెట్టాం. అక్కడ సున్నాకు డెబ్బై కింద. తాత చలికోటు వేసుకుని, నడుముకు పట్టీ కట్టి గోడ రింగుకు తగిలించుకుని (లేకపోతే సుత్తి దెబ్బకు తనే ఎగిరిపోతాడు) మళ్ళీ అరచేతి మేర కొట్టాడు. కొడుతున్నంతసేపూ నన్నూ, మా కాలేజీనీ, నాకు పది మార్కులకు తొమ్మిదిన్నర ఇచ్చిన వాళ్ళనీ తిట్టాడు.

బూటు ఆనించాను. టక్కుమంది.

పద్దెనిమిది రోజుల తర్వాత ఆ చప్పుడు. తాత తిట్టడం ఆపి, ఏదీ మళ్ళీ పెట్టు అన్నాడు.

రోజు 3422. ఇంకా 18

అయిపోయిందనుకున్నాను. మా వాళ్ళ సంగతి తెలిసి కూడా.

లెక్క ఇది: అరవై పలకలు, అడుగులు పడే బాట వరకే కొడితే చాలు, ముప్ఫై మంది వంతులేసుకుని కొడితే పన్నెండు రోజుల పని. సంఘం సరేనంది. చిక్కల్లా తాత దగ్గర వచ్చింది. ఉత్త చుక్కలు కొడుతుంటే దూరం సమంగా రావడం లేదు, ఒకచోట గుంటలు, ఒకచోట ఖాళీలు. యాభై ఏళ్ళుగా అక్షరాలు కొట్టిన చెయ్యి. “పేరైతే చెయ్యి దానంతటది పోతుందమ్మడూ. ఉత్త చుక్కలంటే ఎక్కడాగాలో తెలీదు,” అన్నాడు. నిజమే, పేరు కొట్టిన పలక మీద పట్టు ఏకరీతిగా వచ్చింది. మిగతావాళ్ళకు నేర్పాలన్నా ఒక పేరును అచ్చులా పెట్టుకుంటే తేలిక.

సరే పేరు చెప్పండి అన్నాను. నేల మీద పేరు కొడితే తొక్కుతారు. అక్షరం మీద కాలు పెట్టడమే పాపం, మనిషి పేరు మీద పెడతారా అన్నారు. దేవుడి పేరు అసలే కుదరదు. రాయి పేరన్నాను, తల్లిలాంటిదన్నారు. పనికిమాలిన అక్షరాలేవైనా పేర్చమన్నాను, చదువులమ్మకు పనికిమాలినవి ఉండవన్నారు. ప్రెసిడెంటుగారి పేరంటే ఆయన లేచి బయటికి వెళ్ళారు. రెండు గంటలు. బయట రబ్బరు పగిలి గాలి పోతోంది, లోపల రెండువందల పన్నెండు పేర్లున్నాయి, తొక్కడానికి ఒక్కటి లేదు.

అప్పుడు వెనక వరసలోంచి పిన్ని కట్టు సర్దుకుంటూ అంది: “ఈ స్టీలు బాగుందని సంతకం పెట్టినవాడు ఒకడుంటాడుగా. వాడి పేరు కొట్టండి. నేను రోజుకి ముప్ఫైయారు సార్లు తొక్కుతాను.”

నవ్వులు, చప్పట్లు. అందరికంటే గట్టిగా కొట్టింది నేనే. తీర్మానం అయిపోయింది. రేపటికి చీటీ కావాలని నిండు సభలో పరంధామయ్యగారిని నిలదీశాను. ఆయన శొంఠి కూడా నమల్లేదు.

రోజు 3423. ఇంకా 17

ఆయన చీటీ తెచ్చారు. నా బల్ల మీద పెట్టి, తలుపు వేసి, కూర్చున్నారు.

సరుకు: నేల పలకలు, 60. పరీక్ష: అయస్కాంతం. పరీక్షించిన చోటు: అంచు. ఫలితం: అంటుకుంది. కింద సంతకం: బి. హైమవతి.

నాది.

ఓడ నేను రాకముందే వచ్చింది. సరుకు తనిఖీ జరిగింది మాత్రం నేను ఉద్యోగంలో చేరిన రెండో వారంలో. రోజుకు అరవై చీటీలు రాసిన రోజులవి. పలకలు కట్టల్లో పేర్చి ఉన్నాయి, అంచులే బయటికి కనబడేవి, అందుకని అంచు మీద ఆనించాను. అంటుకుంది. అంటుకోకేం చేస్తుంది. అంచంటే పెద్ద కత్తెర కోసిన చోటు, కంపెనీవాళ్ళు నంబరు గుద్దిన చోటు. దెబ్బ తిన్న చోటు. ఒక్క కట్ట విప్పి, పలక మధ్యలో ఆనించి ఉంటే సరిపోయేది.

ఎవడో మహానుభావుడు అని రాశాను పైన. కొట్టేయను, ఉండనీ.

ఎప్పుడు దొరికింది అని అడిగాను. పోతేగా దొరకడానికి అన్నారు. ప్రారంభోత్సవం రోజు సాయంత్రమే తీసి చూశారట. ఇరవై రోజులుగా నేను అడుగుతుంటే, అరుస్తుంటే, అందరి ముందూ పరువు తీస్తుంటే, ఆ చీటీ ఆయన జేబులోనే ఉంది.

“చిన్నపిల్లవి. ఉద్యోగం పోతుందని చెప్పలేదు. ఇంకో పని చేద్దాం తల్లీ, అంచు చూడమని నీకు నేర్పింది నేనేగా. నా పేరు కొట్టిద్దాం. రెండేళ్ళలో రిటైరయ్యేవాణ్ణి, నాకేం పోతుంది,” అన్నారు.

ఆయన నేర్పలేదు. నాకు ఎవరూ ఏమీ నేర్పలేదు, అన్నీ తెలుసనుకుని చేరాను.

వెళ్తూ వెళ్తూ ఇంకో మాట చెప్పారు. ఈ పుస్తకం ఆయన రోజూ చదువుతారట, చదివి సంతకం పెట్టడం ఆయన డ్యూటీయేనట. “బాగా రాస్తున్నావు. శొంఠి సంగతి మరీ అన్నిసార్లు అక్కర్లేదు,” అన్నారు.

రోజు 3424. ఇంకా 16

ముందు ఇంట్లో చెప్పాలనుకున్నాను. ధైర్యం చాల్లేదు. సభలో చెప్పాను, చీటీ పైకెత్తి చూపించి. ఎవరూ నవ్వలేదు. నన్ను తీసెయ్యాలా వద్దా అని కాసేపు మాట్లాడుకున్నారు. తీసేస్తే ఈ పని ఎవరు చేయిస్తారని పరంధామయ్యగారు అడిగారు, అంతటితో ఆగింది. పేరు తీర్మానం మాత్రం అలాగే ఉంచమని నేనే అన్నాను.

పిన్ని ఒక్కటే అడిగింది, నా భుజం విరిగింది దీనివల్లేనా అని. అవును పిన్నీ అన్నాను. లేచి ఇంటికి వెళ్ళిపోయింది.

రోజు 3425. ఇంకా 15

పని మొదలైంది. అచ్చు నేనే గీశాను, ‘హైమవతి’ అని. తాత మొదటి పేరు కొడుతూ, కొట్టిన చోట తుప్పు పట్టే గుణం కొంత తిరిగొస్తుంది తెలుసా అన్నాడు. తెలుసు. పదేళ్ళకు నా పేరు ఎర్రబడుతుంది. కనీసం అప్పటికైనా చదవడానికి బావుంటుంది అన్నాను.

ఇంట్లో పిన్ని మాట్లాడటం లేదు. ఉప్పు కావాలంటే గిన్నె ముందుకు జరుపుతుంది.

రోజు 3437. ఇంకా 3

తొమ్మిదివేల ఆరువందల పేర్లు అయ్యాయి. ఇరవై నిమిషాలకొక వంతు, అంతకుమించి ఆ చలిలో వేళ్ళు వంగవు. నా వంతులో నేను కొట్టినవి నాలుగువందల పన్నెండు. సొంత పేరు అన్నిసార్లు రాస్తే అది పేరులా కనిపించడం మానేస్తుంది, ఇనుపరేకు మీద గుంటల్లా కనిపిస్తుంది. నిజానికి కావలసింది అదే.

ప్రతి పలకా మధ్యలో ఆనించి చూశాను. ఎడమవైపు, కుడివైపు, మళ్ళీ మధ్యలో. వెనక నిలబడ్డ పరంధామయ్యగారు, ఇంక చాలమ్మాయ్, అయస్కాంతం అరిగిపోతుంది అన్నారు. అయస్కాంతం అలా అరగదని చెప్పబోయి ఊరుకున్నాను.

రోజు 3440

పాత సొరంగం పొద్దున్న మూసేశారు. కొత్తదానిలో మొదటి బండి.

పిన్ని వచ్చింది. ఎముక ఇంకా పూర్తిగా అతకలేదు కాబట్టి తొయ్యవద్దని డాక్టరు చెబితే, తోయను, ముందు నడుస్తాను, ఎక్కడ ఆపాలో చెబుతాను అందట. నేను ఇళ్ళవైపు కొసన తలుపు చట్రం దగ్గర నిలబడ్డాను, ఆవిడ ఇరుక్కున్న చోటే. ఆగకపోతే మొదట తగిలేది నాకే తగలాలని. ఎవరికీ చెప్పలేదు, చెబితే తిడతారు.

తొంభై మీటర్ల అవతల గనివైపు తలుపు తెరుచుకుంది. వెనక పీపా, పీపాకు ఐదుగురు, ముందు పిన్ని. మొదటి పలక దగ్గర ఆవిడ ఆగింది. ఎందుకాగిందో అర్థం కాలేదు, బూటు పట్టడం లేదేమో అనుకున్నాను. ఆవిడ మెల్లగా వంగి, కట్టులేని కుడిచేత్తో నేల మీది పేరును తాకి, ఆ చెయ్యి కళ్ళకద్దుకుంది. పుస్తకానికి కాలు తగిలితే చేస్తామే, అలాగ.

తర్వాత నిలబడి దాని మీద కాలు వేసింది. టక్కుమంది.

టక్, టక్, టక్. వెనక పది కాళ్ళు. సొరంగమంతా ఆ చప్పుడే. ముప్పావు దూరం రాగానే పిన్ని చెయ్యి పైకెత్తింది. ఐదుగురూ నేలను తన్నిపట్టుకుని వెనక్కి వాలారు. పీపా మూలుగుతూ నెమ్మదించి, నెమ్మదించి, నా ఛాతీకి జానెడు దూరంలో ఆగింది. లోపల నీళ్ళు ఒకసారి ముందుకొచ్చి వెనక్కి పోయిన చప్పుడు వినపడింది.

పిన్ని నన్నూ, నేను నిలబడ్డ చోటునూ చూసింది. పదహారు రోజుల తర్వాత మొదటి మాట.

“అడ్డం లేవవే. ఇంకా పదిహేడు బళ్ళున్నాయి. ప్రతిసారీ దణ్ణం పెట్టడం నావల్ల కాదు, తొక్కుతాను.”

తొక్కు పిన్నీ అన్నాను.

సరుకు: నేల పలకలు, 60. పరీక్ష: అయస్కాంతం, బూట్లు, నీళ్ళబండి. పరీక్షించిన చోటు: నడిమధ్య. ఫలితం: అంటుకుంది.

బి. హైమవతి